బస్వమ్మ చేతి రొట్టె

మా పెద్దమ్మ బస్వమ్మ ఎవరినీ క్షమించేది కాదు. ఇది నేను నిందగా చెప్పడం లేదు, మెచ్చుకుంటూ చెబుతున్నాను. "పోనీలే, దేవుడే చూసుకుంటాడు" అని కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళను చాలామందిని చూశాను. దేవుడు చూసుకోవడం మాత్రం నేనింకా చూడలేదు. మా పెద్దమ్మ ఆ పని దేవుడికి వదలలేదు.

నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన లారీలు ఆగేచోట, జొన్నరొట్టెల పాక ఉండేది. నాలుగు గుంజలు, పైన రేకులు, ఒక కట్టెల పొయ్యి. రొట్టె చరుస్తుంటే ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. ఎక్కడెక్కడి డ్రైవర్లో, క్లీనర్లో ఆమె చేతి రొట్టె తిని చేయి కడుక్కుని పోయేవారు. కోహీర్ వైపున్న ఆమె అత్తగారి ఊళ్ళో మాత్రం ఒక్క మనిషి ఆమె చేతి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. మొగుడికి అన్నంలో మందు పెట్టి మగతనం తీసేసిందని అక్కడ ఆమెకు పేరు. ఆ పేరు కడుక్కోవడమే ఆమె పట్టు. కడుక్కోవడం అన్నాను గానీ, ఆ పేరు పెట్టినవాళ్ళ మొహాన తిప్పికొట్టడం అనాలి.

ఆమె భర్త మాణిక్, అంటే మా పెదనాన్న, బెల్లం వండేవాడు. చెరుకు నరికే కాలం వచ్చిందంటే చుట్టుపక్కల గానుగలన్నింటికీ ఆయనే కావాలి. కడాయిలో రసం పాకానికి వచ్చిందో లేదో చూడటానికి ఆయనకు ఒకటే పద్ధతి. గరిటెతో కాస్త తీసి చన్నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి, నోట్లో వేసుకోవడం. కడాయి తర్వాత కడాయి, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఇదే. మనిషి మెత్తన. ఎవరినీ కాదనలేడు, అమ్మను అసలు కాదనలేడు. కొత్త బెల్లం దిగిన రోజు వేడివేడి ముద్ద చెరుకాకులో చుట్టి పెళ్ళానికి తెచ్చి ఇచ్చేవాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రమే మా పెద్దమ్మ గొంతు మెత్తబడేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు, పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు ప్రాంతంలో, ఆయన ఒళ్ళు ఆయన మాట వినడం మానేసింది. మనసులో కోరిక ఉంటుంది, ఒంట్లో కదలిక ఉండదు. మొదట ఎప్పుడో ఒకసారి, తర్వాత తరచుగా, ఆ తర్వాత ఇక ఎప్పుడూ అంతే. మొగుడు సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెళ్ళాం తనలోనే ఏదో లోపం ఉందని కుమిలింది. ఒకరితో ఒకరు నోరు విప్పి మాట్లాడుకుంటే సగం బరువు అక్కడే దిగేది. కానీ ఆ మాట మాట్లాడటం ఏ ఇంట్లో ఎవరు నేర్పారు గనక?

అదే రోజుల్లో ఆయనకు దాహం పెరిగింది. కుండెడు నీళ్ళు తాగినా చాలేది కాదు. ఊరికూరికే పెరట్లోకి పోయేవాడు. ఆయన పోసిన చోట చీమలు బారులు కట్టడం మా పెద్దమ్మ చూసింది. చూసి ఊరుకోలేదు, అత్త నర్సమ్మకు చెప్పింది.

నర్సమ్మ విరగబడి నవ్వింది. "బెల్లం వండేటోని ఇంట్ల చీమలు గాక ఏనుగులు తిరుగుతయా?" అన్నది.

ఇంకో ఇంట్లో అయితే ఆ చీమలు ఎవరినో ఒకరిని భయపెట్టేవి. ఆ ఇంట్లో పొయ్యి మీద చీమలు, పక్క మీద చీమలు, దేవుడి పటం మీద చీమలు. పెరట్లో మరికొన్ని ఉంటే ఎవరు పట్టించుకుంటారు?

నర్సమ్మ గురించి ఒక మాట చెప్పాలి. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, పుట్టినవాళ్ళలో మాణిక్ ఒక్కడే మిగిలాడు. కొడుకు చిక్కిపోతుంటే ఆమె ప్రాణం కొట్టుకున్నది. అందుకని తనకు తెలిసిన వైద్యం తాను మొదలుపెట్టింది. పొద్దున పాలల్లో బెల్లం, మధ్యాహ్నం నెయ్యి బెల్లం కలిపిన రొట్టె మలీద, సాయంత్రం నువ్వుల ముద్దలు. "తిను కొడ్కా, బలమొస్తది" అని దగ్గర కూర్చుని నోట్లో పెట్టేది. ఆయన తిన్నాడు, ఇంకా చిక్కాడు. సంతలో గుడారం వేసుకుని వేర్లు అమ్మేవాడు ఇచ్చిన భస్మం కూడా తిన్నాడు. దానితో కడుపులో మంట మిగిలింది.

ఇక ఊళ్ళో అనేవాళ్ళు అననే అన్నారు. "మందు పెట్టిన్రు. సదాశివ కాడికి తోల్కపోవాలె."

సదాశివ బీదర్ వైపు ఒక ఊళ్ళో మందు కక్కించేవాడు. మందంటే పడనివాళ్ళు అన్నంలో కలిపి పెట్టేది. అక్కడివాళ్ళు దాన్ని కైమద్దు అంటారు, చేతి మందు అని. అది కడుపులో గడ్డకట్టుకుని కూర్చుని మనిషిని లోపలి నుంచి తింటుందని నమ్మకం. సదాశివ పరగడుపున ఏదో ఆకు పసరు మజ్జిగలో కలిపి తాగిస్తాడు. మనిషి ఇత్తడి పళ్ళెంలోకి కక్కుతాడు. సదాశివ అందులో పుల్లతో కలిపి, వెంట్రుకలు చుట్టుకున్న ఒక నల్లటి ఉండ తీసి, కడిగి అందరికీ చూపిస్తాడు. పెట్టింది ఎవరో కూడా చెబుతాడు.

నర్సమ్మ, కులపెద్ద రామ్‌కిషన్ కలిసి మాణిక్‌ను తీసుకుపోయారు. బస్వమ్మను ఇంట్లోనే ఉంచారు. తిరిగి వచ్చేసరికి ఆమె బట్టల మూట వాకిట్లో పడింది. కట్టుకున్నదే పెట్టిందని సదాశివ చెప్పాడు. ఆమె మొత్తుకున్నది, పసుపు కుంకుమల మీద ప్రమాణం చేసింది, పొయ్యిలో చేయి పెడతానన్నది. రామ్‌కిషన్ వినలేదు. మాణిక్ గోడకు ఆనుకుని తల వంచుకున్నాడు. ఆ వంచిన తలను మా పెద్దమ్మ చాలా ఏళ్ళు మరిచిపోలేదు.

పుట్టింట్లో ఉండమని మా అమ్మ బతిమాలింది. ఆమె వచ్చింది గానీ, పెట్టిన అన్నం తినలేదు.

"నా చేతిది తినద్దన్నరు గదా చెల్లే. నేను గూడ ఇగ ఎవ్వరి చేతిది తిన. నేను వండుకున్నదే తింట. నా చేతి రొట్టె నర్సమ్మతోని అందరి ముంగట తినిపిచ్చినంక అప్పుడు నీ ఇంట్ల బువ్వ తింట."

అందరూ కోపంలో అన్న మాట అనుకున్నారు. ఆమె జహీరాబాద్ పోయి రోడ్డు పక్కన పొయ్యి పెట్టింది. మొగుడి అన్నంలో మందు పెట్టిందని పేరు పడ్డ మనిషి ఊరికంతా అన్నం పెట్టి బతకడం మొదలుపెట్టింది. ఒట్టు మాత్రం తప్పలేదు. పెళ్ళిళ్ళకు వచ్చినా కొంగున రొట్టె కట్టుకుని వచ్చేది.

మూడేళ్ళు గడిచాక ఒక పొద్దున ఆ పాక ముందుకు మాణిక్ వచ్చి నిలబడ్డాడు. కాలికి గుడ్డ కట్టుకున్నాడు. గానుగ దగ్గర నిప్పు తొక్కాడట. తొక్కినట్టు కూడా తెలియలేదట, వాసన వస్తే చూసుకున్నాడట. పుండు మానలేదు. ఇక్కడి దవాఖానలో ఇంద్రసేన అనే డాక్టరు చూసి, మూత్రం పరీక్ష చేయించి, భార్యను తీసుకుని రమ్మన్నాడు.

"భార్య ఎవ్వరు?" అన్నది మా పెద్దమ్మ రొట్టె తిప్పుతూ. "తోలేసిన్రు గదా."

"తప్పయింది బస్వా. జర రా."

పోవద్దనే అనుకున్నదట. కానీ అసలు సంగతి ఏమిటో తెలుసుకోవాలన్న కసి ఆమెను లేపింది. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని వెంట నడిచింది.

డాక్టరు తలుపు వేసి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, మొహమాటం లేకుండా అడిగాడు. "మగతనం తగ్గి ఎన్నాళ్ళయింది? ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగానా? పొద్దున నిద్ర లేచేటప్పుడైనా ఒంట్లో కదలిక ఉంటుందా?"

మాణిక్ నేల చూపులు చూశాడు. మా పెద్దమ్మే జవాబు చెప్పింది. "మెల్లగ పోయింది సార్. పొద్దుగాల గూడ లేదు. దూప బాగ అయితది. ఉచ్చకు చీమలు వడ్తయి."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అదేనమ్మా. ఈయనకు చక్కెర జబ్బు ఉంది. ఎప్పటి నుంచో ఉంది. నెత్తుట్లో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు, సన్నటి రక్తనాళాలు చెడిపోతాయి. అందుకే కాలికి నిప్పు తెలియలేదు. మగవాడి అంగం గట్టిపడాలంటే నరం కబురు చెప్పాలి, నెత్తురు అక్కడికి చేరాలి. ఆ రెండూ దెబ్బతిన్నాయి. కోరిక లేక కాదు, మీ మీద మనసు లేక కాదు."

"మందు వెట్టిన్రని అన్నరు సార్."

"అన్నంలో పెట్టిన ఏ ఉండా ఏళ్ళ తరబడి కడుపులో కూర్చోదమ్మా. కొందరికి భయం వల్ల, ఇంట్లో గొడవల వల్ల, దిగులు వల్ల కూడా ఇట్లా అవుతుంది. వాళ్ళకు సాధారణంగా పొద్దున కదలిక ఉంటుంది, ఒకనాడు బాగుండి ఒకనాడు ఉండదు. కల్లు, సారా, బీడీలు కూడా చెడగొడతాయి. కొన్ని జబ్బులకు వాడే మాత్రల వల్ల కూడా కావచ్చు. ఏ కారణమో చూడకుండా భస్మాలు మింగితే ఉన్నదీ పోతుంది."

"మల్ల మంచిగయితదా?"

"పూర్తిగా వస్తుందని మాట ఇవ్వను. చక్కెర అదుపులోకి వస్తే ఇంకా చెడిపోకుండా ఆగుతుంది, కొంత తిరిగి రావచ్చు. మందులు వాడాలి, బీడీ మానాలి, రోజూ నడవాలి. బెల్లం, తీపి పూర్తిగా బంద్. ఇంకొకటి, మీరిద్దరూ దీని గురించి మాట్లాడుకోవాలి. దగ్గరితనం అంటే అదొక్కటే కాదు."

మా పెద్దమ్మ చివరి మాటలు వినిపించుకున్నదో లేదో. ఆమె మనసు బెల్లం దగ్గరే ఆగిపోయింది. "సార్, బెల్లం తింటే గీ జబ్బు వచ్చిందా?" అని అడిగింది.

"తీపి తిన్నంత మాత్రాన రాదమ్మా, వంశంలో ఉండొచ్చు. కానీ జబ్బు ఉన్నవాడికి రోజూ బెల్లం పెట్టడం అంటుకున్న కొంపలో కిరసనాయిలు పోయడమే. రోజూ ఎవరు పెడుతున్నారు?"

మాణిక్ నోరు తెరవబోయాడు. మా పెద్దమ్మ ఆయన మోచేయి పట్టుకుని ఆపింది. ఆ జవాబు డాక్టరు గదిలో ఖర్చు చేయడం ఆమెకు ఇష్టం లేదు.

మాణిక్ ఊరికి పోయి డాక్టరు చెప్పింది చెప్పాడు. నర్సమ్మ కొట్టిపారేసింది. "డాక్టరు ఉచ్చ సూసి చెప్పిండు. సదాశివ సామి కడ్పుల కెల్లి తీసి చేతుల పెట్టిండు. ఏది నమ్మాలె?" అన్నది. తీపి వద్దంటే, చిక్కిన కొడుకును ఎండగట్టి చంపమంటారా అని ఏడ్చి, పాలల్లో బెల్లం కలిపింది. ఆయన తాగాడు. పైగా ఝరాసంగం వైపు రెండో సంబంధం చూసిందని కూడా కబురు వచ్చింది. వచ్చే పిల్ల చేతితో వండిపెడితే అంతా సర్దుకుంటుందట!

అప్పుడు మా పెద్దమ్మకు అర్థమయింది. ఆ ఊరు డాక్టరు మాట వినదు, సదాశివ మాటే వింటుంది. అయితే ఆ సదాశివతోనే చెప్పించాలి.

ఆమె పాకలో రొట్టె తినే లారీ డ్రైవర్లలో పీటర్ అని ఒకడు ఉండేవాడు. బీదర్ రోడ్డులో తిరిగేవాడు. చెల్లెలి కడుపునొప్పికి ఆమెను ఒకసారి సదాశివ దగ్గరకు తీసుకుపోయాడట.

"అక్కా, ఆడ వాకిట్ల ఒక ముసలాయన చెప్పులు కాస్తడు. కూసున్నోళ్ళను ఊకె ముచ్చట్ల పెడ్తడు. ఏ ఊరు, ఇంట్ల ఎవరెవరున్నరు, ఎవరితోని పడదు, అన్నీ అడుగుతడు. మనం లోపలికి పోకముందే నీళ్ళ చెంబు వట్టుకోని ఆయన పోతడు" అన్నాడు పీటర్.

అంతే, ఆమెకు దారి దొరికింది. ఆ రోజున నర్సమ్మ ఆ ముసలాయన ముందు కూర్చుని కోడలి మీద ఎంత కక్కి ఉంటుందో ఆమె ఊహించుకోగలదు. మాణిక్ కడుపులోది తర్వాత సంగతి.

మర్నాడు అత్తగారి ఊరికి పోయి రామ్‌కిషన్ వాకిట్లో నిలబడింది. "పెద్దయ్యా, నా కడ్పుల గూడ ఏదో ఉన్నది. దినాం నొస్తది. ఆ సామి కాడికే తోల్కపోన్రి. ఆయన ఏం జెప్తే అది తలకాయ మీద పెట్టుకుంట. రెండో లగ్గానికి గూడ అడ్డం రాను. గానీ అత్త గూడ రావాలె, ఆమె గూడ సామి మాట ఒప్పుకోవాలె" అన్నది.

నర్సమ్మ ఎగిరి గంతేసింది. కోడలు తప్పు ఒప్పుకోవడానికే వచ్చిందనుకున్నది. సామి మాటే మాట అని రామ్‌కిషన్ ముందు చేతిలో చేయి వేసి చెప్పింది.

సదాశివ వాకిట్లో మా పెద్దమ్మ మిగతావాళ్ళకు దూరంగా, చెప్పుల ముసలాయన పక్కన కూర్చున్నది. ఆయన అడిగేదాకా కూడా ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇంట్ల ముసలిది ఉన్నది తాతా, మా అత్త. మొగుడు లేడు. నన్ను సూస్తే మండిపడ్తది. ఆమె వండితెనే తినాలె నేను" అన్నది. ముసలాయన అయ్యో అన్నాడు. కాసేపటికి చెంబు తీసుకుని లోపలికి పోయాడు.

లోపల పసరు తాగింది, కక్కింది. పేగులు బయటికి వచ్చినట్టయిందని తర్వాత చెప్పేది. సదాశివ పుల్లతో కలిపి ఉండ తీశాడు. అదే నల్లటి ఉండ, అవే వెంట్రుకలు.

"సామీ, ఎవరు పెట్టిన్రు?" అన్నది మూతి తుడుచుకుంటూ.

"నీ ఇంటి పెద్ద ఆడది. బొట్టు లేని ముసలిది."

"ఎప్పుడు వెట్టింది?"

"మొన్నటి అమాసకు. బువ్వల కలిపి పెట్టింది."

నర్సమ్మ గుండెలు బాదుకున్నది. "అబద్ధం! నేనెప్పుడు వెట్టిన? మూడేండ్ల సంది అది నా గడప తొక్కలె. నా కొడ్కు మీద ఒట్టు, నేను వెట్టలె!"

మా పెద్దమ్మ ఆమె వైపు తిరిగింది. "గా దినం నేను గూడ గిట్లనే మొత్తుకున్న అత్తా. మంచిగ మొత్తుకో. నేను ఇంటున్న" అన్నది.

తర్వాత రామ్‌కిషన్‌ను అడిగింది. "పెద్దయ్యా, సామి మాట నిజమయితే మా అత్త మందు వెట్టే మనిషి. ఆమె మూట గూడ వాకిట్ల ఎయ్యాలె. అబద్ధమయితే నాది గూడ అబద్ధమే. మీరే చెప్పున్రి."

రామ్‌కిషన్ ఆ ఉండ వైపు చూశాడు, సదాశివ వైపు చూశాడు. సదాశివ అప్పటికే పళ్ళెం తీసేసి పక్కవాళ్ళను పిలుస్తున్నాడు. ఆ తర్వాత బీదర్ రోడ్డున పోయే ప్రతి లారీవాడికీ మా పెద్దమ్మ ఈ కథ చెప్పేది. అయినా అతని వాకిట్లో చెప్పులు తగ్గాయని నేను అనుకోను.

వారం తిరగకముందే ఊరి చావడి దగ్గర కులం కూర్చుంది. సామి మాట అబద్ధమని తేల్చి, పడ్డ నిందకు ఏం కావాలో అడగమన్నాడు రామ్‌కిషన్. తప్పు కింద డబ్బు కట్టిస్తామన్నారు, చీర పెట్టిస్తామన్నారు. ఆమె ఏదీ వద్దన్నది. కొంగు విప్పి, పొద్దున తాను చేసుకున్న జొన్నరొట్టె తీసింది.

"మా అత్త నా చేతిది తినాలె. మీరందరు సూడాలె" అన్నది.

నర్సమ్మ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నది. ఎండిన రొట్టె, కూర లేదు. అది నములుతుండగానే మా పెద్దమ్మ ఇన్నాళ్ళు దాచుకున్నది బయటికి తీసింది.

"అత్తా, సదాశివ అన్నదాంట్ల సగం నిజం ఉన్నది. నీ కొడ్కుకు తిండిల వెట్టి పాడు చేసిన ఆడది ఉన్నది. పొద్దుగాల పాలల్ల, పగటీలి మలీదల, మాపటికి నువ్వుల ముద్దల. డాక్టరు బంద్ చెయ్యమన్నంక గూడ వెట్టింది. నీ కొడ్కునే అడుగు."

అందరూ మాణిక్ వైపు చూశారు. ఆయన జీవితంలో మొదటిసారి తల వంచుకోలేదు. "నిజమే అమ్మా. వద్దంటె నువ్వు ఇనలె" అన్నాడు.

నర్సమ్మ నోట్లో ముక్క అట్లాగే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. నాకైతే ఆ ముసలిదాని మీద జాలి కలుగుతుంది. మా పెద్దమ్మకు కలగలేదు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, మా అమ్మ వండిన అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నదట.

రెండో సంబంధం ఆగిపోయింది. మాణిక్ గానుగ పని మానేసి జహీరాబాద్ వచ్చేశాడు. కట్టెలు కొట్టేవాడు, మాత్రలు వేసుకునేవాడు, పొద్దున రోడ్డు వెంట నడిచేవాడు. కాలి పుండు మానింది. పోయిందాంట్లో ఎంత తిరిగి వచ్చిందో నాకు తెలియదు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి అడగబోతే, "వచ్చినంత వచ్చింది. రానిదానికి ముచ్చట వెట్టుకుంటున్నం" అని నవ్వింది. ఆ వంచిన తలను క్షమించావా అంటే మాత్రం నవ్వలేదు.

ఎనభై ఆరులో నర్సమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. చూసేవాళ్ళు లేరు. మా పెద్దమ్మే రిక్షాలో తెచ్చుకుని పాక వెనక గదిలో పడుకోబెట్టింది. కడిగింది, బట్టలు మార్చింది, అన్నీ చేసింది. చూసినవాళ్ళు ఎంత మంచి కోడలు అన్నారు. వాళ్ళు తిండి పెట్టే వేళకు వచ్చి ఉండరు.

ప్రతి పూటా రొట్టె పాలల్లో నానబెట్టి తెచ్చేది. ముందు ఒక ముక్క తీసి, ముసలామె కళ్ళ ముందు తన నోట్లో పెట్టుకునేది, మెల్లగా నమిలి మింగేది. "సూడు అత్తా, మందు లేదు" అనేది. ఆ తర్వాతే ఆమె నోట్లో పెట్టేది. ఒక్క పూట కూడా మరిచిపోలేదు. ముసలామె ప్రతి పూటా కళ్ళు మూసుకునేది, కళ్ళు తెరిచేదాకా మా పెద్దమ్మ ముద్ద ఇచ్చేది కాదు.

చివరి రోజుల్లో నేను అక్కడే ఉన్నాను. నర్సమ్మకు మాట సరిగా వచ్చేది కాదు. గిన్నె చూడగానే కష్టపడి చేయి ఎత్తింది. "ఇగ నువ్వు తినకు బిడ్డా. నేను నమ్మిన. ఎప్పుడో నమ్మిన" అన్నది.

మా పెద్దమ్మ ఆ మాట మొత్తం విన్నది. గిన్నెలో నుంచి ఒక ముక్క తీసి తన నోట్లో పెట్టుకున్నది.